నాలుగు నిమిషాల్లో నాలుగేళ్ల దమ్ము

సైకిల్ పందేలకి దిగేవాళ్లు నెలల తరబడి గంటలకి గంటలు నెమ్మదిగా తొక్కి దమ్ము పెంచుకోవాలన్నది పాతకాలపు చాదస్తమట. ఇప్పుడు తబాటా వచ్చేసింది. ఇరవై సెకన్లు చచ్చేట్టు తొక్కు, పది సెకన్లు ఆగు, ఎనిమిదిసార్లు తిప్పి చెయ్యి. నాలుగు నిమిషాల్లో పని ఖతం. స్నానానికి నీళ్లు కాగేలోపు ఛాంపియన్ అయిపోవచ్చు. పైగా ‘శాస్త్రవేత్తలు తేల్చేశారు’ అని ముద్ర కూడా ఉంది.

ఏం తేల్చారో కాస్త చూద్దాం. ఇజుమి తబాటా బృందం 1996లో ప్రచురించిన అధ్యయనం అది. పద్ధతి మాత్రం జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు కోచ్ ఇరిసావా కోయిచీది. ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు తొక్కించారు. పెట్టిన భారం ఆక్సిజన్ గరిష్ఠంగా వాడుకునే స్థాయికి 170 శాతం. ఏడో విడతకో ఎనిమిదో విడతకో కాళ్లు ఆడకుండా పోవాలి. ఎనిమిదీ ముగించి సెల్ఫీ దిగగలిగారంటే మీరు చేసింది ఇంకేదో. వీడియోల్లో చెప్పని ముచ్చట మరొకటుంది: ఆ ఐదు రోజుల్లో ఒకరోజు వాళ్ల చేత అరగంట నిలకడగా తొక్కించారు. ఫలితంగా ఆక్సిజన్ సామర్థ్యం (కిలో బరువుకి నిమిషానికి మిల్లీలీటర్లలో) 48 నుంచి 55 దాకా పెరిగింది. మంచిదే. అయితే ఐదు గంటల రోడ్డు పందెంలో చివరి గంట ఎలా గట్టెక్కాలో ఆ అధ్యయనాన్ని ఎవరూ అడగలేదు, అదీ చెప్పలేదు.

సరే, పొద్దస్తమానం సాగే పందెం వదిలేద్దాం. నాలుగు నిమిషాల పందేనికే వద్దాం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో జర్మనీ జట్టు 4000 మీటర్ల టీమ్ పర్స్యూట్‌ని 3 నిమిషాల 59.71 సెకన్లలో ముగించింది. నాలుగు నిమిషాల గీత దాటి లోపలికి వచ్చిన మొదటి జట్టు అదే. మరి ఆ నాలుగు నిమిషాల కోసం వాళ్లు ఏటా తొక్కినది దాదాపు 30 వేల కిలోమీటర్లు! అందులో సింహభాగం రోడ్డు మీద, తేలిక వేగంతో. పాపం జర్మన్లు. ఎంత వెనకబడ్డవాళ్లో! మన కాలనీ జిమ్ ట్రైనర్‌ని ఒక్కమాట అడిగుంటే అంత పెట్రోలు... కాదు, అంత చెమట మిగిలేది.

వాళ్ల చాదస్తానికి కారణం కండరంలో ఉంది. తేలిగ్గా, ఎక్కువసేపు తొక్కితే కండరకణాల్లో మైటోకాండ్రియా పెరుగుతుంది, చుట్టూ కొత్త కేశనాళికలు పుడతాయి, ఒంట్లో పేరుకున్న కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న చక్కెర ఇంధనం, అదే గ్లైకోజెన్, అరకిలోకి అటూఇటూ. దాన్ని మొదటి గంటల్లోనే దుబారా చేసినవాడు ఆఖరి ఎత్తు దగ్గర రోడ్డు పక్కన కూర్చుంటాడు. ఈ మార్పులన్నీ వారాలు, నెలలు, ఏళ్లు తింటాయి. ఈఎంఐ మీద దొరకవు. కార్బన్ ఫ్రేము దొరుకుతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023లో తెరిచారు. నెత్తిన సౌర ఫలకాల నీడ, పక్కన లారీల గొడవ లేదు. నింపాదిగా మూడు గంటలు తొక్కాలంటే ఇంత అనువైన చోటు దొరకడం కష్టం. ఆదివారం తెల్లారుజామున వెళ్లి చూడండి, నింపాదిగా తొక్కే పోటీదారు ఒక్కడు కనిపిస్తే నాకు చెప్పండి. ప్రతివాడికీ అదే ఫైనల్. మామూలు సైకిల్ మీద ఎవరో పెద్దాయన దాటిపోతే చాలు, మనవాడి గుండె 130 నుంచి 170కి ఎగురుతుంది. ఆయనకి పందెం జరుగుతోందన్న సంగతే తెలీదు. ఎందుకంత ఆత్రం? యాప్‌లో సగటు వేగం 22 అని పడితే బావమరిది చూడడూ! ఆఫీసులో అందరూ చూడరూ! ఓర్పు క్రీడల్లో మేటి ఆటగాళ్ల సాధనని ఏళ్ల తరబడి లెక్కగట్టిన స్టీఫెన్ సైలర్‌కి కనిపించింది ఇంచుమించు ఇది: వాళ్లు తమ సాధనలో 80 శాతం దాకా తేలిగ్గానే కానిస్తారు, మిగతాది నిజంగా చచ్చేట్టు చేస్తారు. మనవాళ్లు ఆ రెండూ చెయ్యరు. రోజూ మధ్యస్తంగా రొప్పుతారు. అలసట పూర్తిగా వస్తుంది, దమ్ము మాత్రం రాదు.

ఇదంతా మాకు తెలుసు అనే మేధావులు వేరే ఉన్నారు. వాళ్లది ‘జోన్ టూ’ మతం, అంటే ఆ తేలిక స్థాయికి పెట్టిన ముద్దుపేరు. నెమ్మదిగా తొక్కడం కోసం వీళ్లు పవర్ మీటర్ కొంటారు, ఛాతీకి పట్టీ కడతారు, దారి మధ్యలో ఆగి వేలు గుచ్చుకుని రక్తంలో లాక్టేట్ కొలుస్తారు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ తొక్కగలిగితే దాదాపు ఆ జోన్‌లో ఉన్నట్టే. మాట్లాడ్డం మనకెప్పుడైనా సమస్య అయిందా? కానీ ఉచితంగా వచ్చే పరీక్ష మీద నమ్మకం ఎలా కుదురుతుంది? సైకిల్ పందేల మేటి పొగాచర్ తన జోన్ టూ 300 వాట్ల పైమాటే అన్నాడని విని, అదే అంకె తెరమీద పెట్టుకుని బయల్దేరినవాళ్లూ ఉన్నారు. కొన్ని నిమిషాలకే వాళ్ల దగ్గర మాటలూ వాట్లూ రెండూ అయిపోతాయి.

ఇక దమ్ముకి పునాది వేసే నింపాది సవారీకి వాట్సాప్ గ్రూపుల్లో శనివారం రాత్రి పిలుపు ఇలా వస్తుంది: ‘రేపు బేస్ రైడ్. కొత్తవాళ్లూ రావచ్చు, ఎవర్నీ వదిలేయం. వేగం 34. వెనకబడినవాళ్లు టీ బండి దగ్గర కలవగలరు.’