‘సెట్టయిపోద్ది సార్’ – టీకా తాత్పర్య సహితం

మూలం: “బెంజంటే బెంజే సార్, సెట్టయిపోద్ది.”

అవతారిక: పాత టాటా బెంజ్ లారీకి మళ్ళీ ప్రాణం పోద్దామని పూనుకున్న ఒకానొక యజమాని పిస్టన్ వెతుక్కుంటూ విజయవాడ ఆటోనగర్‌కి రాగా, కౌంటరు వెనక స్టూలు మీంచి లేవకుండానే దుకాణదారు పలికిన వాక్యమిది. కర్త అజ్ఞాతుడు. ‘సార్’ బదులు ‘అన్నా’ అని పాఠాంతరం ఉంది. దానివల్ల ధర మారవచ్చు గానీ అర్థం మారదు.

టీకా: బెంజంటే = 1954లో టాటాల టెల్కో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో చేసుకున్న ఒప్పందంతో జంషెడ్‌పూర్‌లో పుట్టి, ముఖాన మూడు కొమ్ముల నక్షత్రం పెట్టుకు తిరిగిన లారీ; బెంజే = 1969లో ఆ ఒప్పందం ముగిసి, నక్షత్రం ఊడిపోయాక వచ్చిన టాటా సైతం (ఇది దుకాణదారు మతం); సార్ = ఓ కొనబోవువాడా; సెట్టు = కూర్పు; అయిపోద్ది = అయిపోగలదు. ఎవరి చేత, ఎవరి ఖర్చుతో అన్నవి అధ్యాహారం. ‘లేత్ మేస్త్రీ చేత, నీ ఖర్చుతో’ అని పూరించుకోవాలి.

ఇందులో ‘బెంజే’ అన్న ఏవకారం విచారణీయం. నక్షత్రం నాటి ఓఎం 312 ఇంజనుకి సిలిండర్ బోరు 90 మి.మీ., స్ట్రోకు 120. తరవాతి టాటా 692కీ స్ట్రోకు 120 మిల్లీమీటర్లే, బోరు మాత్రం 92. ఆ సంగతి దాని పేరే చెబుతోంది: ఆరు సిలిండర్లు, 92 బోరు. అదే సూత్రం ప్రకారం 697 అంటే ఆరు సిలిండర్లు, 97 బోరు. పేరులో ఇంత స్పష్టంగా కొలత పెట్టినా, కొనేవాళ్ళు డబ్బా మీద బొమ్మ చూసే తెచ్చుకుంటారు. రెండు మిల్లీమీటర్లే కదా అంటే, 90 రంధ్రంలోకి 92 పిస్టన్ దిగదు. దింపాలంటే బోరు కొట్టించాలి. కొట్టిస్తే గోడ ఎంత మందం మిగులుతుందో ముందే చూసుకోవాలి.

మూలంలో లేనిది రాయనని పంతం పట్టిన వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి మెదక్ సీమవాడు. ఆయనే లారీల వైపు వచ్చి ఉంటే ముందు పార్ట్ నంబరు అడిగేవాడు. మెర్సిడెస్ పద్ధతిలో అది పది అంకెలు, మొదటి మూడూ ఏ రకానికి చెందిన భాగమో చెబుతాయి. ఇక్కడే పెద్ద పండితులు కూడా బోల్తా పడతారు. పోత మీద ఉబ్బెత్తుగా కనిపించే అంకెలు చాలాసార్లు పార్ట్ నంబరు కావు, పోత నంబరు. ఒకే పోతను రెండు రకాలుగా చెక్కి, రంధ్రాలు వేరే చోట్ల వేస్తే రెండు వేరే భాగాలవుతాయి. ఉబ్బెత్తు అంకెలు కలిశాయని సంబరపడి వాటర్ పంపు కొంటే, నాలుగు బోల్టుల్లో మూడే దిగుతాయి.

బోల్టు ప్రకరణం మరీ సూక్ష్మం. జర్మన్ సంతానం కనక ఈ లారీది మిల్లీమీటరు మర. పక్క షెడ్డులో ఆంగ్లేయ వంశపు పాత లారీలకి అంగుళం లెక్క, మేస్త్రీల భాషలో సూతు (అంగుళంలో ఎనిమిదో వంతు) లెక్క. ఎనిమిది మి.మీ. నట్టుకి దగ్గరి బంధువులా కనిపించేది రెండున్నర సూతు బోల్టు. దాని లావు 7.94 మి.మీ., కంటికి తేడా ఆనదు. కానీ మొదటిదాని మరకీ మరకీ మధ్య దూరం 1.25 మి.మీ.; రెండోది విట్‌వర్త్ అయితే అంగుళానికి 18 మరలు, అంటే 1.41. వేళ్ళతో రెండు మూడు చుట్లు హాయిగా తిరుగుతుంది, ఆపైన పట్టేస్తుంది. అప్పుడు హెల్పరు ‘తుప్పు, అంతే’ అని తీర్పిచ్చి స్పానరుకి పైపు తొడుగుతాడు. ఆ పైపు తొడిగిన క్షణం నుంచీ బ్లాకులో మర ఉండదు, ట్యాపు కొట్టించిన పెద్ద రంధ్రం ఉంటుంది. యాభై ఏళ్ళలో ఎన్ని షెడ్లు తిరిగిందో ఆ లారీ! కనక పాత బోల్టునూ నమ్మకూడదు. మర గేజీ పెట్టి చూశాకే ప్రమాణం.

ఇక వెనక ఇరుసులోని క్రౌను, పీనియను విడదీయరాని ద్వంద్వ సమాసం. ఫ్యాక్టరీలో జోడీని కలిపి నూరి, రెంటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. 6 పళ్ళ పీనియనుకి 41 పళ్ళ క్రౌను లెక్క సరిపోయినా, వేరే జోడీ నుంచి తెచ్చినది గేరు పెట్టగానే అరుస్తుంది.

క్యాబిన్ తలుపుకి వ్యాఖ్యానం లేదు, ఎందుకంటే మూలమే లేదు. అప్పట్లో ఎక్కువ లారీలు చాసిస్‌గానే అమ్ముడయ్యేవి. క్యాబిన్నీ, వెనక బాడీనీ సర్హింద్‌లోనో, నామక్కల్‌లోనో, ఇక్కడ ఆటోనగర్‌లోనో కట్టించుకునేవారు. ఏ తలుపు ఆ లారీదే. వడ్రంగినీ రేకు మేస్త్రీనీ కూర్చోబెట్టి కొత్తగా చేయించుకోవడమే మేలు.

తాత్పర్యం: దుకాణదారు అబద్ధమాడలేదు. సెట్టు కావడమూ, సరిపోవడమూ వేర్వేరని చెప్పలేదు, అంతే. చదువరులకు విన్నపం: పాత ముక్క విరిగినా సరే, వెర్నియరుతో పాటు దాన్నీ దుకాణానికి పట్టుకెళ్ళండి. కొత్తది బిగించి బండి లోడుతో ఘాటు ఎక్కేదాకా పాతదాన్ని ఇనప సామాన్ల వాడికి వేయకండి.