చెయ్యి ఒక్కటే వచ్చిన సన్మానం

మహారాజశ్రీ మా పురపాలక సంఘం సోషల్ మీడియా విభాగం అధికారి గారి దివ్య సముఖమునకు, మీ పేజీని రోజూ చూసే పౌరుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

నిన్న సాయంత్రం మీరు పెట్టిన ‘పదవీ విరమణ పొందిన పారిశుద్ధ్య కార్మికురాలికి ఘన సన్మానం’ పోస్టు చూసి ఇంటిల్లిపాదీ తరించాం. ఫొటోలో చైర్మన్ గారు బాగా పడ్డారు. కమిషనర్ గారి చొక్కా ఇస్త్రీ మడతతో సహా వచ్చింది. కౌన్సిలర్ల నవ్వులూ కుదిరాయి. ఇక ఆ సన్మానం అందుకున్న మా పిన్ని సంగతికొస్తే, ఎడమ అంచున ఒక మోచెయ్యి, నాలుగు ఆకుపచ్చ గాజులు, శాలువా జరీ అంచు. మనిషి లేదు.

ఏమండీ, చూసే పెట్టారా అది? తెల్లారకముందే చీపురు పట్టుకుని మీ ఆఫీసు ముందు ఊడ్చిన మనిషి ఆవిడ. ఆ ఒక్కరోజూ పట్టుచీర కట్టుకుని మీ హాల్లోకి వచ్చింది. స్టేటస్ పెట్టుకుందామని ఫోన్ పట్టుకు కూర్చున్న అల్లుడు ‘అత్తయ్య ఏదీ?’ అని వేళ్లతో పెద్దది చేసి వెతుకుతున్నాడు. ఆవిడకి అవతల నిలబడ్డ తోటి కార్మికులకైతే గాజులు కూడా దక్కలేదు.

ఫొటో ఫోన్‌లో అడ్డంగా తీశారు, 16:9లో. పోస్టు చతురస్రం చేశారు. వెడల్పులో సగానికి కాస్త ఎక్కువ మిగిలి, రెండు పక్కలా ఎగిరిపోతుంది. వరసలో తొమ్మిది మంది ఉంటే మధ్యలో ఐదుగురే బతుకుతారు. ఆ ఐదుగురూ ఎవరో మా ఊళ్లో చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. శాలువా కప్పడం అయిందో లేదో ‘కాస్త జరగమ్మా, ఇంకొంచెం’ అంటూ పిన్నిని పక్కకి పంపింది ఫొటో తీసిన మీ కుర్రాడే. జరిగినంత మేరా మీ కత్తెర తినేసింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో చతురస్రం తప్ప వీల్లేదన్న రోజులు 2015లోనే పోయాయి. ఫొటో ఎంచుకున్నప్పుడు కింద ఎడమ మూలన చిన్న గుర్తు ఉంటుంది, నొక్కితే అడ్డం ఫొటో అడ్డంగానే వస్తుంది. చతురస్రమే ముద్దనుకుంటే పైనా కిందా ఖాళీ వదలండి, కొంపలేం మునగవు. 2025లో ప్రొఫైల్ గళ్లు నిలువుగా మారాయి కదా, మీ పేజీ తెరిస్తే ఆ గడిలో ఇంకాస్త తెగి పిన్ని గాజులూ పోయాయి. చైర్మన్ గారికి మాత్రం అక్కడా ఏ లోటూ లేదు.

మొన్నటి నీళ్ల ట్యాంకర్ పోస్టరూ ఇంతే. కింది లైను తెగిపోయింది, టైము ఉన్నది ఆ లైన్లోనే. ఆస్తిపన్ను ప్రకటనని పక్కలకి సాగదీస్తే అందులో ముఖాలు పూరీల్లా ఉబ్బాయి. పైన వరసగా పేర్చే నాయకుల గుండ్రటి ఫొటోల్లో మాత్రం ఏనాడూ ఒక్క వెంట్రుక తెగలేదు. కొలత రాక కాదన్నమాట!

మా వాడు బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతుంటే ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంది, సంతకం 10 నుంచి 20. ఒక్క కేబీ మించినా వెనక్కి కొడుతుంది. మేం పంపే ఫొటోకి ఇన్ని కొలతలున్నప్పుడు, మీరు పెట్టేదాంట్లో మనిషికి తల ఉందో లేదో చూసేవాళ్లొక్కరు లేరా?

పోస్టు తీసేయక్కర్లేదు. వచ్చిన లైకులు మీకే ఉండనివ్వండి. అసలు ఫొటో ఆ కుర్రాడి ఫోన్‌లో ఇంకా ఉండే ఉంటుంది, అదొక్కటి పంపించండి. వాట్సాప్‌లో మామూలుగా కాదు, డాక్యుమెంట్‌గా. ఫ్రేము కట్టించాలి, మసకబారకూడదు. మా నంబరు శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరుంది. పిన్ని తనంతట తాను అడగదు. ‘పోనీలేరా, చెయ్యి వచ్చిందిగా’ అంటోంది. ఆ మాట వినలేకే ఇదంతా. శుక్రవారం లోపు పంపండి బాబూ, ఆదివారం ఆవిడ కూతురింటికి వెళ్లిపోతోంది.