లాయరెందుకు, మనవాడున్నాడుగా!

మన దగ్గర న్యాయశాస్త్రం కాలేజీల్లో కన్నా కూడళ్లలోనే బాగా వెలుగుతుంది. నమ్మకపోతే హెల్మెట్ లేనందుకు చలానా పడిన ఏ పెద్దమనిషినైనా కదిపి చూడండి. ఫొటోలో బండి నంబరు కనబడుతోంది గానీ ఆ తల తనదేనని రుజువేమిటంటాడు. కెమెరా చెట్టు చాటున పెట్టడం చెల్లదంటాడు. అలా వాదిస్తూ, కట్టకుండా కూర్చుంటే ప్రభుత్వమే దిగొస్తుంది. తెలంగాణలో 2022లో టూవీలర్ చలానాల మీద 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో 80 శాతం. ఎప్పటికప్పుడు కట్టేసిన వెర్రిబాగులవాడికి మాత్రం పైసా వాపసు రాలేదు. ఈ కేసుకు లాయరక్కర్లేదు, సిగ్గులేకపోతే చాలు.

ఇదే న్యాయకోవిదుడు శనివారం రాత్రి డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికితే మాత్రం చదివిన చట్టమంతా నోటి వాసనతో పాటు గాల్లో కలిసిపోతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటిందా, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కాచుకుని ఉంటుంది. మొదటిసారికే 6 నెలల వరకూ జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకూ జైలు, లేదా 15 వేలు, లేదా రెండూ. రోడ్డు మీద రశీదు కోయించుకుని పోయే వ్యవహారం కాదిది, కోర్టు మెట్లెక్కాల్సిందే.

అప్పుడైనా లాయరుకు ఫోను చేస్తాడా? చేయడు. ‘అన్న’కు చేస్తాడు.

‘‘అన్నా, చిన్న ఇష్యూ. సార్‌తో ఒక్క మాట చెప్పన్నా.’’

‘‘ఫోన్ ఆయనకివ్వురా.’’

ఎస్సై ఫోను ముట్టుకోడు. ‘‘ముందు ఊదండి, మాటలు తర్వాత’’ అంటాడు. ఆ తర్వాత అన్న ఫోను స్విచ్చాఫ్.

కోర్టు రోజున గేటు దగ్గర ఇంకో అన్న తగులుతాడు. ‘‘లాయరెందుకు దండగ? ఒప్పేసుకో, ఫైనేసి పంపేస్తరు’’ అంటాడు. బారులో మూడు వేల బిల్లుకు టిప్పుతో సహా నవ్వుతూ కట్టినవాడికి లాయరు ఫీజనగానే ఇంట్లో ఖర్చులు గుర్తొస్తాయి. ఒప్పేసుకుంటాడు. జరిమానా ఒక్కటే అనుకున్నవాడికి రెండ్రోజుల జైలూ పడొచ్చు, లైసెన్సూ సస్పెండ్ కావచ్చు. అమెరికా వీసా ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా’ అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోతుంది.

అదే పెద్దమనిషి కొడుకు డాలస్ వెళ్లాక చూడండి. ఓవర్ స్పీడ్ టికెట్ పడితే మర్నాడే అటార్నీ. డబ్బు కట్టేస్తే తప్పొప్పుకున్నట్టేననీ, ఇన్సూరెన్సు పెరుగుతుందనీ అక్కడ ఇట్టే అర్థమైపోతుంది. జైలు ఊసెత్తే కేసుకు ఇక్కడ నాన్నగారు లాయరు వద్దంటారు, కారు ఇన్సూరెన్సు కోసం అక్కడ కొడుకు లాయర్ని పెడతాడు.

లాయరు మంత్రగాడు కాడు, తాగినవాణ్ణి తాగనివాడిగా మార్చలేడు. ‘కేసు కొట్టించేస్తా’ అనేవాడు నల్లకోటు తొడుక్కున్న బ్రోకరు. అసలైనవాడు మిషన్ రీడింగు, టైము, కాగితాలు చూసి, ఒప్పుకోవాలో వాదించాలో చెబుతాడు. ఒప్పుకున్నా శిక్ష తగ్గించమని పద్ధతిగా అడుగుతాడు. అంతకుమించి ఆశ పెట్టుకోకండి. ఫీజు కట్టలేనివాళ్లకు, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు 1987 నాటి న్యాయసేవల చట్టం ఉచితంగానే లాయర్నిస్తుంది. ఆ బోర్డు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. దాని కింద నిలబడే మనవాళ్లు బ్రోకరుకు నోట్లు లెక్కపెడతారు.

రెండొందల చలానాకు లాయర్ని పెట్టకండి, ఆ డబ్బు కట్టేయండి. జైలు రాసి ఉన్న సెక్షన్‌కు లాయరు లేకుండా వెళ్లకండి. అయినా ఇంత సలహా ఎవరికి? బారు బయట ఆటోవాడు మీటరు మీద యాభై అడిగాడని రోషపడి, సొంత బండి తీసిన పొదుపరికి!