‘స్వయముగా విచ్చేసి’: సవ్యాఖ్యానం

మూలం: “విదేశనివాసియగు ఋణార్థి తన విదేశనివాసమును ధ్రువీకరించు పత్రములను స్వయముగా శాఖకు విచ్చేసి సమర్పింపవలెను.”

అవతారిక. ఇది ఒక బ్యాంకు కారు లోను విభాగం నుంచి మస్కట్‌లో ఉన్న నాకు వచ్చిన వాక్యం. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమని నమ్మడానికి తగిన ఆధారాలే ఉన్నాయి. కింద సంతకం లేదు. ‘ఇది కంప్యూటరు తయారు చేసిన లేఖ, సంతకం అవసరం లేదు’ అని మాత్రం ఉంది. వేదానికి కర్త లేడని మీమాంసకులు ఎంత పట్టుదలగా వాదించారో, ఈ వాక్యం రాసింది తాము కాదని శాఖలో ప్రతివారూ అంతే పట్టుదలగా వాదించారు.

ఏ గ్రంథానికైనా అనుబంధ చతుష్టయం చెప్పాలి గనుక చెబుతున్నాను. నేను ఇక్కడ ఒక బడిలో సంస్కృతం చెబుతాను. మా ఆయన తణుకులో ట్యూషన్లు చెబుతారు. తుంటి ఆపరేషన్ అయ్యాక అత్తయ్యగారు బండి వెనక ఎక్కలేకపోతున్నారు. కాబట్టి విషయం కారు, ప్రయోజనం అత్తయ్యగారు, సంబంధం ఈఎంఐ. అధికారి ఎవరన్నది తేలకపోవడమే ఈ వ్యాఖ్య పుట్టడానికి కారణం.

ప్రతిపదార్థం రాయడం లేదు. ఋణార్థి అంటే ఎవరో తెలియనివారు మన దేశంలో లేరు. కాళిదాసుకు టీకలు రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ ప్రాంతం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చి కూర్చున్నాడు. మొదటి మాట నేనూ నిలబెట్టుకోవడానికి ప్రయత్నిస్తాను. రెండోదాని సంగతి పాఠకులే చూస్తారు.

పూర్వపక్షం. విదేశంలో ఉన్న మనిషి శాఖకు స్వయంగా ఎలా వస్తుంది? వస్తే విదేశంలో లేనట్టే గదా? లేని విదేశనివాసాన్ని ఏ పత్రం ధ్రువీకరిస్తుంది? రాకపోతే సమర్పించనట్టే. వచ్చినా చెల్లదు, రాకపోయినా చెల్లదు.

దీనికి కౌంటరు సిద్ధాంతం ఒకటి ఉంది: “సెలవుకి ఎప్పుడొస్తారు మేడమ్?” ఈ పక్షం వారి లెక్కలో మనిషి పుట్టేది ఎండాకాలం సెలవుల్లో, గిట్టేది తిరుగు విమానం ఎక్కినప్పుడు. మధ్యలో పది నెలలు అత్తయ్యగారు ఆసుపత్రికి ఆటోలో వెళ్తారు. ఈ ముక్కకు వారి భాష్యంలో సమాధానం లేదు.

పూర్వపక్షం గట్టిది కాబట్టి తర్కం సాయం తీసుకుందాం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడే. బడిపిల్లలకు అర్థమయ్యేలా రాయాలనుకుని, మూడు వందల ఏళ్లకు పైగా పండితులకు పని కల్పించాడు. ఆయన ఏడు పదార్థాల్లో ఏడోది అభావం, అంటే లేకపోవడం. లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కపెట్టిన శాస్త్రం బ్యాంకు వారికి తెలిసుంటే నా ఫైలు ఎప్పుడో కదిలేది. అభావం నాలుగు రకాలు. వస్తువు పుట్టకముందు ఉండేది ప్రాగభావం: ఇప్పుడు మా ఇంటి ముందు కారు స్థితి ఇదే. వస్తువు నశించాక మిగిలేది ధ్వంసాభావం: ఇన్సూరెన్స్ వారి విభాగం, మనకు వద్దు. ఒకచోట ఎప్పటికీ లేకపోవడం అత్యంతాభావం: మేనేజరు గారి కుర్చీకి ఇది వర్తిస్తుందేమోనని మా ఆయనకు అనుమానం. ఇది అది కాదు, అది ఇది కాదు అన్నది అన్యోన్యాభావం. నేను మా ఆయనను కాను. ఆయన నేను కారు. ఈ నాలుగోదే బ్యాంకు వారి తలకెక్కనిది. దీని సంగతి కింద వస్తుంది.

నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? కంటితోనే తెలుస్తుందంటారు నైయాయికులు. కాదు, కనబడకపోవడమే ఒక వేరు ప్రమాణం, దాని పేరు అనుపలబ్ధి అంటారు కుమారిలభట్టు శిష్యులు. ఏ పక్షం తీసుకున్నా కుండను పిలిచి ‘నువ్వు ఇక్కడ లేవని నువ్వే వచ్చి చెప్పు’ అన్నవాడు దర్శనాల చరిత్రలో లేడు.

ఇక వడ్డీ. ఋణం పేరెత్తగానే మనవాళ్లు వేంకటేశ్వరస్వామి కుబేరుడి దగ్గర చేసిన పెళ్లి అప్పు గురించి చెబుతారు. నేను చెప్పను, అందరికీ తెలిసినదే. ఆ పత్రం మీద పద్మావతీదేవి సంతకం ఎవరూ అడగలేదన్న ఒక్క ముక్క మాత్రం రాసిపెట్టుకుంటున్నాను.

నాకు ఇష్టమైనది యాజ్ఞవల్క్యుడి ఋణాదాన ప్రకరణం. దీనికి కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. దాన్ని పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగు పద్యాల్లోకి దించాడు. అప్పుల చట్టాన్ని పద్యాల్లో చెప్పుకున్న జాతి మనది. ఈనాటి లోను ఒప్పందాన్ని ఎవరైనా కనీసం సీసపద్యంగా రాస్తే సంతకం పెట్టేముందు ఒకసారైనా చదువుతాం.

యాజ్ఞవల్క్యుడి లెక్క ఇది. తాకట్టు ఉన్న అప్పుకు నెలకు ఎనభయ్యో వంతు వడ్డీ. అంటే నూటికి నెలకు రూపాయి పావలా, ఏడాదికి 15. తాకట్టు లేకపోతే వర్ణాన్నిబట్టి నెలకు నూటికి రెండు, మూడు, నాలుగు, ఐదు. పై వర్ణానికి తక్కువ, కింది వర్ణానికి ఎక్కువ. సిబిల్ స్కోరు పుట్టుకతోనే పడిపోయిన కాలం అది. ఆ ఐదు శాతం కట్టినవాళ్ల గురించి ఏ టీకాకారుడూ ఒక్క వాక్యం ఎక్కువ రాయలేదు. తరువాత వస్తుంది అసలు సంగతి: అడవుల్లో పడి వర్తకానికి పోయేవారికి నెలకు నూటికి పది, సముద్రం మీద పోయేవారికి ఇరవై. నెలకు! ఏడాదికి 240. కౌటిల్యుడూ దాదాపు ఇవే అంకెలు చెప్పాడు: నూరు పణాలకు నెలకు ధర్మమైన వడ్డీ పణమూ పావూ, వ్యాపారానికి ఐదు, అడవికి పది, సముద్రానికి ఇరవై. అంతకు మించి తీసుకున్నవాడికీ తీసుకునేలా చేసినవాడికీ జరిమానా వేసి, ఆ బేరం విన్న సాక్షులకు కూడా తలా సగం వేశాడు. 1909లో మైసూరులో శ్యామశాస్త్రి గారు అచ్చు వేయించేదాకా ఆయన అర్థశాస్త్రం లోకం కంట పడలేదు. పడ్డాక మాత్రం బ్యాంకుల వైపు ఎవరూ చూపించలేదు.

సముద్రానికి ఇరవై ఎందుకు? అసలే మునిగిపోతుందన్న భయం. ఓడ తిరిగి రాదు, తుపాను వస్తుంది, దొంగలుంటారు. ఒడ్డుకు చేరినా సుఖం లేదు. మోటుపల్లి శాసనం చూడండి. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది ఆ రేవు. 1244-45లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారట. తాను అలా చేయననీ, తగిన సుంకం మాత్రం పుచ్చుకుని మిగతాది వారికే వదిలేస్తాననీ రాయి మీద చెక్కించాడు. సముద్రం మీద పోయేవారు ప్రాణాలకు తెగించి పోతారు, వారికి డబ్బు ప్రాణం కన్నా ఎక్కువ అన్న అర్థం వచ్చేలా కూడా రాయించాడు. ఈ ఒక్క ముక్క కోసం గణపతిదేవుడికి ఏ బ్యాంకులోనైనా విదేశీ ఖాతాదారుల విభాగం అప్పగించవచ్చు. పైగా ఆ రాజు వర్తకుణ్ణి ‘నువ్వు సముద్రం మీద ఉన్నావని సముద్రం దిగి వచ్చి చెప్పు’ అనలేదు. రేవులోనే రాయి పాతించాడు.

కారు సంగతి మరిచాను.

నా ఫైలు మీద ఊళ్లో ఉన్నవారి కంటే అరశాతం వడ్డీ ఎక్కువ వేశారు. ఎందుకని అడిగితే “ఎన్నారై రిస్కు మేడమ్” అన్నారు. ఇది యాజ్ఞవల్క్యుడి ఇరవైలో మిగిలిన అరశాతమని నేను గుర్తుపట్టాను. కానీ ఈ వడ్డీకి శాస్త్రం ఒప్పదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి సముద్రవర్తకుడు అప్పు తెచ్చిన సొమ్మును ఓడలో వేసుకుని పోయేవాడు. మునిగితే అసలు మునిగేది. నా అప్పు సొమ్ము సముద్రం దాటదు. అది బ్యాంకు నుంచి నేరుగా షోరూముకు పోతుంది. తాకట్టు పడ్డ కారు తణుకులో మా వాకిట్లో ఉంటుంది. దాని ఆర్‌సీ మీద హైపోతికేషన్ అని బ్యాంకు పేరు ఎక్కుతుంది. బాకీ తీరి, 35వ ఫారం వేసి కొట్టించుకునేదాకా దాన్ని అమ్మడానికి లేదు. సముద్రం దాటింది నేనొక్కదాన్ని. నన్ను ఎవరూ తాకట్టు పెట్టుకోలేదు. కాబట్టి ఇది తాకట్టున్న అప్పు. సముద్రవడ్డీ దీనికి పట్టదు. ఈ వాదం ఈమెయిల్లో రాశాను. ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని వచ్చింది, అదీ సంతకం లేకుండానే.

ఇప్పుడు అన్యోన్యాభావం. లేఖల్లో నన్ను ‘డియర్ సర్’ అన్నారు. ఫోను చేసి ఆదాయ వివరాలు నేను చెబుతుంటే “మీవారు లైన్లోకి వస్తారా?” అన్నారు. జీతం నాది. ఒప్పంద పత్రం, రెసిడెంట్ కార్డు, జీతం పడే ఖాతా అన్నీ నావి. చివరికి శాఖవారు పెద్ద మనసుతో ఒక దారి చూపించారు: అప్పు మీవారి పేరున రాద్దాం, మీరు సహదరఖాస్తుదారుగా ఉండండి, వాయిదాలు మీరు కట్టండి. అంటే బిల్లు ఆయన పేరున, ఆర్‌సీ ఆయన పేరున, ధర పది లక్షలు దాటితే అమ్మేవారు పట్టుకునే ఒక శాతం పన్ను జమ కూడా ఆయన పాన్ మీదే. నాకు మిగిలింది ‘సహ’.

యాజ్ఞవల్క్యుడు ఇక్కడ కూడా ముందే వచ్చి కూర్చున్నాడు. మగడి అప్పు భార్య తీర్చనక్కర్లేదు. తీర్చవలసింది మూడే సందర్భాల్లో: తానే ఒప్పుకున్నది, మగడితో కలిసి చేసినది, తాను స్వయంగా చేసినది. భార్య అప్పు మగడు కూడా తీర్చనక్కర్లేదు, ఇంటి అవసరానికి చేసినదైతే తప్ప. కొన్ని వృత్తుల వారికి మినహాయింపు ఉంది. గొల్లలు, కల్లు అమ్మేవారు, నటులు, చాకళ్లు, వేటగాళ్లు: వీరి భార్యలు చేసిన అప్పు మగడు తీర్చాలి, ఎందుకంటే ఆ ఇళ్లలో బతుకుతెరువు ఆడవాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. చదవగానే వెటకారంగా కనిపించే ఈ జాబితాలో ఒక ఒప్పుకోలు ఉంది. ఇల్లు ఆడమనిషి సంపాదన మీద నడుస్తుందని ఆ స్మృతి కనీసం కొన్ని ఇళ్ల విషయంలో చెప్పింది. బ్యాంకు ఫారంలో ఆ గడి కూడా లేదు. కోనసీమ నుంచీ కడప నుంచీ గల్ఫుకు వచ్చి ఇళ్లలో పనిచేసి ఊళ్లో ఇళ్లు కట్టించిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల దస్తావేజుల్లో కర్త స్థానంలో ఎవరి పేరు ఉందో వెతికితే తెలుస్తుంది. మా ఆయన మంచివారే. “పేరుదేముంది, కారు మనదేగా” అన్నారు. ఆయన పేరు గనుక అలా అనిపించింది.

‘స్వయముగా’. ఈ మాట మీద పవర్ ఆఫ్ అటార్నీ పక్షం ఒకటి ఉంది. నా తరఫున సంతకాలు పెట్టే అధికారం మా ఆయనకు ఇస్తూ పత్రం రాసి, ఇక్కడ మన రాయబార కార్యాలయం ముద్ర వేయించి పంపాను. విదేశంలో రాసిన పత్రానికి అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలని చట్టం. కట్టారు కూడా. శాఖలో చూసి, పత్రం బాగుంది, అయితే ఇది రాసిచ్చింది మీ భార్యేనని ఆవిడ వచ్చి చెప్పాలి అన్నారు. ఒక ఆధారానికి మరో ఆధారం అడుగుతూ పోయే అనవస్థా దోషం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

చిత్రమేమంటే డబ్బు పంపడానికి ఏ అడ్డూ లేదు. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోంచి మా ఆయనకు ఎంత పంపినా అది భార్య ఇచ్చిన కానుక, ఆయనకు పన్ను లేదు. పంపేదాన్నిగా నేను ఉన్నాను. అడిగేదాన్నిగా లేను.

పాఠాంతరం. వేరే శాఖ ప్రతిలో ‘స్వయముగా విచ్చేసి’ బదులు ‘వీడియో ద్వారా’ అని ఉంది. ఈ పాఠమే సాధువని తోచి సంతోషించాను. తీరా చూస్తే, రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో వీడియో గుర్తింపుకు అనుమతి ఇచ్చినప్పుడే, కెమెరా ముందు కూర్చున్న మనిషి భారతదేశంలోనే ఉన్నట్టు జియోట్యాగింగ్‌తో చూసుకోమని షరతు పెట్టింది. కాబట్టి రెండు పాఠాలకూ అర్థం ఒకటే. పోనీ ఫోనులో అడుగుదామంటే, కౌంటరు తెరిచేసరికి మస్కట్‌లో ఎనిమిదిన్నర, నా మొదటి పీరియడు. శుక్రవారం నాకు సెలవు, వారికి పని. ఆ రోజే ఫోను చేస్తాను. ఆ రోజు ఆ సీటు వారు సెలవులో ఉంటారు. ఏ అభావమో పాఠకులే చెప్పాలి.

తాత్పర్యం. ఊళ్లో లేనిదానికి అప్పు ఇవ్వం, ఊళ్లో ఉన్నదానికి గల్ఫు జీతం ఉండదు గనుక ఇవ్వలేం, ఉన్న మీవారికి ఇస్తాం, లేని మీరు కట్టండి.

దీని తరువాతి మూలం: “ప్రాసెసింగ్ రుసుము ఎట్టి పరిస్థితులలోను తిరిగి చెల్లింపబడదు.”

టీక: స్పష్టం.