నల్లిబొక్క పద్యానికి సీమ వ్యాఖ్యానం

మూలం:

కాకి ముట్టలేదు కన్నులు నిండెరా
పాట విన్న వెనక పంతమేది
నల్లి బొక్క కొరకు నడిచిన యలుకలు
తుండుగుడ్డతోడ తుడిచి వేసె

అవతారిక: వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ (2023) చూసి, కంట్లో నలుసు పడిందని బుకాయించిన ప్రొద్దుటూరి పెద్దమనిషి మనసులో మాట ఇది. ఆయన ఒప్పుకోడు గనుక కర్త అజ్ఞాతుడనడమే మర్యాద.

ప్రతిపదార్థం: కాకి = పిండం పెట్టినా దిగిరాని పితృదేవత; ముట్టలేదు = ఇంటి తగవు తెగేదాకా ముట్టనని భీష్మించింది; కన్నులు = సమరసింహారెడ్డి (1999), ఆది (2002) చూసి ఎర్రబడటం మాత్రమే నేర్చినవి; రా = పక్క సీటు బామ్మర్దికి సంబోధన, ‘నా వైపు చూడొద్దు’ అని శేషం; నల్లి బొక్క = మూలుగు ఉన్న ఎముక. సినిమాలో ఇది విస్తట్లో పడలేదనే అల్లుడు నారాయణ అలిగి అత్తగారింటి గడప తొక్కడం మానేశాడు.

‘పాట’ దగ్గర వ్యాఖ్యాతలు చీలిపోయారు. ప్రొద్దుటూరాయన బంగారు అంగడి బుద్ధి పోనిచ్చుకోక, భీమ్స్ సంగీతాన్ని గీటురాయి మీద గీసి వన్నె చూశాడు. జమ్మలమడుగాయన పెన్న ఒడ్డున పిండాలు పెట్టిన చెయ్యి. ఆయన ఓటు కాకికే. పులివెందులాయన కథనే తీసిపారేశాడు: “ఎముకకేనా ఇంత అలక? మా పక్క చీనీ తోటకు పారే నీళ్లు మళ్లిస్తే ఇంతకంటే ఎక్కువ నడుస్తాది సామీ!”

ముగ్గురూ పొరబడ్డారని మా మతం. ఇక్కడ పాటంటే పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల గొంతు. వరంగల్ జిల్లా దుగ్గొండి బుడగజంగాలు వాళ్లు, బుర్రకథ చెప్పుకొని బతికినవాళ్లు. సినిమాలో చావు జరిగిన పదకొండో రోజు పాడటానికి వచ్చి, పోయినాయన తరఫున బతికున్నవాళ్లను నిలదీస్తారు. అంతసేపూ కథ నడిపిన నటులు కూడా అక్కడ వినేవాళ్లయిపోతారు. అందుకే ఆ ఘట్టం నాకు మిగతా సినిమా మొత్తంకన్నా బరువు.

శంక: తెలంగాణ చావుపాటకు కడప జిల్లా ఎందుకు ఏడవాలి?
సమాధానం: ‘అరవింద సమేత’ (2018)లో మన పెంచల్ దాస్ రాసిన రెడ్డమ్మ తల్లి పాటకు తెలంగాణవాళ్లు ఏడవలేదా? చెల్లుకు చెల్లు.

అలంకారం: అతిశయోక్తి అని కొందరంటారు. వాళ్లు సినిమా చూసినట్టు లేదు.

తాత్పర్యం: కాకి దిగాలంటే పాట కావాలి, పాటకు పాడేవాళ్లు కావాలి. ఈ సినిమాలోని ఊరు పల్లెటూరు పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు 2025లో ప్రకటించారు. ఆ కబురు వినడానికి మొగిలయ్య లేడు. 2024 డిసెంబరులో కిడ్నీ జబ్బుతో పోయాడు. మా పల్లెల్లో చెక్కభజన గురువులు ఇంకా ఉన్నారు. సినిమాలు తీసే అన్నలారా, మా పేరు చెప్పి ఇంకో సుమో పేల్చేముందు అట్లాంటి గురువు ఒకాయన కథ తీయండి. ప్రొద్దుటూరులో మొదటాట టికెట్లు మేం కొంటాం.