దిగని మేకు

గుంటూరు బస్టాండులో అమరావతి బస్సెక్కి టిక్కెట్టు అడిగితే, కండక్టరు "గుడికా, రాజధానికా?" అన్నాడు.

"బుద్ధుడి దగ్గరికి."

ఎగాదిగా చూసి, గుడికే టిక్కెట్టు కొట్టాడు. తెలియక సోమవారం బయల్దేరాను. బస్సంతా అమరేశ్వరుడి భక్తులే. నా ఒళ్ళో ఎవరిదో కొబ్బరికాయల సంచీ.

ముప్పై అయిదు కిలోమీటర్లు. అరవై ఏళ్ళొచ్చినా అటు తొంగిచూడలేదు. నిరుడు లండన్లో మా అబ్బాయి బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్ళి, అద్దాల గదిలో వరసగా నిలబెట్టిన అమరావతి శిల్పాలు చూపించి, "అక్కడ ఇంకేం ఉన్నాయి నాన్నా?" అన్నాడు. నోట మాట రాలేదు. అందుకే ఈ ప్రయాణం.

అక్కడ ఉన్నది గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, దాని చుట్టూ పాతిన కొన్ని రాళ్ళూ. గేటు దగ్గర కూర్చున్న పెద్దాయన "పాతవాళ్ళు దీన్ని దీపాలదిన్నె అనేవాళ్ళు బాబూ" అన్నాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ ఊరు కట్టించేటప్పుడు రాళ్ళ కోసం దిబ్బ తవ్వించాడు. ఆ కబురు విని 1797లో మెకంజీ దొర వచ్చాడు. 1845లో ఇలియట్ దొర తవ్వి మద్రాసుకి పంపించాడు. అందులో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ చేరింది. దొరలు పట్టుకుపోయినవి అద్దాల వెనకైనా బతికున్నాయి. నా కడుపు మండింది మిగతావాటి సంగతి విన్నాకే. మనం పాలరాయి అంటాం గానీ అది పల్నాటి సున్నపురాయి. కాలిస్తే మేలురకం సున్నం. పద్మాలూ, ఏనుగులూ, దణ్ణం పెడుతున్న ఆడవాళ్ళూ, అన్నీ బట్టీలో పడ్డాయి.

"ఇళ్ళకి సున్నం కొట్టుకోడానికా! ఆ కాల్చినవాళ్ళ వంశం మట్టిగొట్టుకుపోను!" అన్నాను. పెద్దాయన ఏమీ అనలేదు. చుట్ట వెలిగించుకున్నాడు.

బయట కొట్లో ఫ్రేము కట్టిన బుద్ధుడి బొమ్మ ఒకటి కొని, చీకటి పడే వేళకి మా ఊళ్ళోని పాతింటికి చేరాను. అమ్మ ఇంకా అక్కడే ఉంటోంది. నడవాలో దీపం గూటి పైన బొమ్మ పెడదామని మేకు కొట్టాను. వంగిపోయింది. ఇంకోటి కొట్టాను. అదీ వంగింది. గోడ మీద గోరంత పెచ్చు ఊడలేదు. కోడిగుడ్డు పెంకులా నున్నగా మెరుస్తోంది.

అమ్మ మంచం మీంచి నవ్వింది.

"దిగదురా. అది డంగు సున్నం. మీ ముత్తాత వాళ్ళ నాన్న ఎక్కణ్ణించో ఆరు బళ్ళ తెల్లరాయి తోలించి, ఊరి బయట బట్టీ పెట్టి కాల్పించాడట. మా అత్తగారు ఎప్పుడూ గొప్పగా చెప్పేది, 'మనది దీపాలదిన్నె సున్నమే' అని. ఇంతకీ ఆ దిన్నె ఎక్కడుందో నీకేమైనా తెలుసట్రా?"