చదివింపుల శాస్త్రం

హైదరాబాద్ అత్తాపూర్‌లో ఇల్లెక్కడంటే వీధి పేరు చెప్పరు, ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు చెబుతారు. 2009లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచినప్పటి నుంచీ ఇదే వరస. అలాంటి ఒక పిల్లర్ ఎదుటి ఫంక్షన్ హాల్లో, పెళ్లికొచ్చిన మాలిక్యులర్ బయాలజీ కుర్రాడొకడు పెళ్లికూతురి మేనమామకు దొరికిపోయాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"రీసెర్చ్ అంకుల్. వరిలో తెగుళ్లను తట్టుకునే జన్యువుల మీద."

"మంచిదే గని, ఎంత?"

జీతం అనుకుని కుర్రాడు నీళ్లు నమిలాడు. "అది గాదు బిడ్డా, హెచ్ ఇండెక్స్!" అన్నాడాయన. ఆయన అల్లుడు ప్రొఫెసర్.

"పదకొండు అంకుల్."

"మా అల్లునిది ముప్పై నాలుగు" అని ఆయన పాన్ కోసం లేచాడు.

ఈ కొలబద్దను 2005లో హోర్హే హిర్ష్ అనే కాలిఫోర్నియా భౌతికశాస్త్రవేత్త కనిపెట్టాడు. మీ పేపర్లలో కనీసం పదకొండింటికి, ఒక్కోదానికి కనీసం పదకొండేసి సైటేషన్లు, అంటే వేరే పేపర్లు దాన్ని పేర్కొనడాలు, ఉండి, పన్నెండుతో అదే లెక్క కుదరకపోతే మీ ఇండెక్స్ 11. లెక్క సులువే, చిక్కంతా ఫలితంతోనే. ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి మీద 1951లో ఆలివర్ లోరీ బృందం రాసిన పేపరుకు 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. జన్మలో ఆ ఒక్కటే రాసి ఊరుకుని ఉంటే లోరీ ఇండెక్స్ అక్షరాలా ఒకటి. మేనమామ పిల్లనివ్వడు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు కూడా ఇచ్చేవాడు కాదేమో. ఆయన హార్వర్డ్‌లో సహచరుడైన ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో అచ్చేస్తే, వేల పేపర్లు దాని పేరు చెప్పుకున్నాయి. హార్వర్డ్ మాత్రం ఆయనకు పర్మనెంట్ కొలువు ఇవ్వలేదు. 1940లో ఆయన మూటాముల్లె సర్దుకుని లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు.

మళ్లీ హాల్లోకి వద్దాం. గుమ్మం పక్కన బల్ల, బల్ల మీద చదివింపుల పుస్తకం. ఎవరు ఎంత రాశారో రేపు వాళ్లింటి పెళ్లికి చూసుకుని అంతకు తగ్గకుండా మనం రాయాలి. సైటేషన్ కూడా ఇప్పుడు ఆ పుస్తకంలోకే చేరింది. మీవి మూడు మేం వేసుకుంటాం, మావి మూడు మీరు వేసుకోండి. ఇక తన పాత పేపర్లను తానే సైట్ చేసుకోవడమంటే, తన పెళ్లికి తానే కవరిచ్చుకుని మైకులో చదివించుకోవడం.

యూజీసీ 2010లో ప్రమోషన్లకు పేపర్ల మార్కులు పెట్టింది. మార్కులున్న చోట గైడ్లు ఉండవా? హైదరాబాద్ నుంచి నడిచే ఓమిక్స్ అనే జర్నళ్ల సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. నిపుణుల సమీక్ష సరిగ్గా చేయించకుండానే చేయించామని చెప్పుకుందని, ఫీజు సంగతి ముందు దాచిందని అభియోగం. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అంతకుముందు 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి, తప్పులు కావాలనే కుక్కిన క్యాన్సర్ మందు పేపరును 304 జర్నళ్లకు పంపితే 157 ఒప్పేసుకున్నాయి. కళ్లకద్దుకుని మరీ.

అత్తాపూర్ దాటితే రాజేంద్రనగర్. అక్కడి వరి పరిశోధన సంస్థ, ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కలిసి ఒక పని చేశాయి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి వరికి ఆకు ఎండు తెగులంటే ప్రాణభయం. డీఎన్ఏ గుర్తులు చూసుకుంటూ, తరం తరువాత తరం సంకరం చేసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చారు. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. గింజ సన్నదనం పోకూడదు, అన్నం రుచి మారకూడదు. అసలు కష్టం అదే. ఆ వంగడం 2008లో బయటికొచ్చింది. దాని మీద పేపర్లూ వచ్చాయి, సైటేషన్లూ వచ్చాయి. కానీ తెగులు తగలని పొలం గట్టున నిలబడ్డ రైతు ఫుట్‌నోటు రాయడు. అతను వేసిన ఎకరాలు ఏ శాస్త్రవేత్త ఇండెక్సులోనూ కలవవు.

వాటిని కూడా కలపాలి, విత్తనం రసీదు మీద పేపర్ నంబరు అచ్చేయాలి అని ఎవరైనా ప్రమోషన్ల కమిటీకి సలహా ఇవ్వొచ్చు. ఇస్తే, నెల తిరక్కుండా ఈ నగరంలోనే ఏదో ఒక పిల్లర్ పక్కన రసీదులమ్మే కొట్టు తెరుస్తారు. వందకు పది ఫ్రీ.